కారని మూత

మెట్ల కింది గది నుంచి
ఫిబ్రవరి 3

చెల్లికి అన్నయ్య రాయునది.

నేను బాగానే ఉన్నాను. నువ్వు బాగానే ఉంటావు. పదిమందికి భోజనం పెట్టి బతికేదానివి, నీకు ఆకలి బాధ ఏముంటుంది.

నువ్వు పంపిన పేపరు ముక్క అందింది. ‘ఇంటి ఖర్చు తగ్గించే పది సాధనాలు’ అని పైన పెద్దక్షరాలు. కూడబలుక్కుని చదివేసరికి టీ చల్లారిపోయింది. మళ్ళీ వేడి చేసుకున్నాను, ఆ గ్యాసు ఖర్చు ఆ రాసినావిడ ఖాతాలోకే. ఖర్చు తగ్గించడానికి పది వస్తువులు కొనాలట చెల్లీ. ఇంతకన్నా సిగ్గులేని మాట నేను అచ్చులో చూడలేదు. నేను అచ్చులో చూసింది తక్కువేననుకో.

పేస్టు ట్యూబు పిండటానికి ప్లాస్టిక్ తాళం ఒకటట, మూడు రంగుల్లో దొరుకుతుందట. పాత గొడుగు చువ్వని రెండుగా వంచి నేను చేసుకున్నది పంతొమ్మిదేళ్ళుగా గోడకి వేలాడుతోంది. తుప్పు రంగు ఒక్కటే రంగు. ట్యూబు చివర అందులో దూర్చి చుట్టుకుంటూ వస్తే లోపల చీమ తినడానికి కూడా మిగలదు. సబ్బు ముక్కలు అతికించే అచ్చు అట, అదీ కొనాలట. నాకు చేపల డబ్బా చాలు. అరిగిన ముక్కలన్నీ తడిపి అందులో వేసి మీద ఇటుక పెడితే మర్నాటికి కొత్త సబ్బు. గిన్నె గీకడానికి మెత్తటి గరిటె అట. సైకిల్ ట్యూబు ముక్కని కర్రకి మేకు కొట్టి పెట్టుకున్నాను, నా గిన్నెలు కడగక్కర్లేనట్టు ఉంటాయి. చిక్కుడు గింజలు ఒక్క పొంగు రానిచ్చి గోనెలు కుక్కిన చెక్కపెట్టెలో పెట్టి మూసేస్తే మధ్యాహ్నానికి వాటంతటవే ఉడుకుతాయి. ఇవి ఆవిడకి తెలియవు. ఆవిడకి తెలిసింది దుకాణం ఒక్కటే.

సరే, నీ కుక్కరు సంగతి. లారీ డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను, రేపు అందుతుంది. మూత మీద విజిల్ పక్కన ఇంకో చిన్న బొక్క ఉంది చూడు, దాంట్లోంచి ఆవిరి కారుతోందని కదా నీ గోల. కొత్త సేఫ్టీ వాల్వు వెయ్యాలని షాపువాడు అన్నాడట. వాడు అంటాడు, వాడు బతికేది అందుకే. నేను ఆ కుళ్ళు ముక్క పీకి పారేసి, రాగి చీల దూర్చి, రెండు పక్కలా సుత్తితో తలలు కొట్టి, పైన సీసం పోశాను. ఇప్పుడు ఏనుగు తొక్కినా అక్కడినుంచి చుక్క ఆవిరి రాదు. నలభై రెండేళ్ళు ఊళ్ళో చిల్లుపడిన గిన్నెలన్నిటికీ మాట్లు వేసినవాణ్ణి. నేను మూసిన బొక్క మళ్ళీ తెరుచుకున్నది లేదు. ఊరికే అనరు నన్ను మాట్ల తాత అని.

వాడుకో. జవాబు రాయి.

ఇట్లు, అన్నయ్య.


మెస్ వంటింటి నుంచి
ఫిబ్రవరి 11

అన్నయ్యకి,

కుక్కరు అందింది. డ్రైవరు దాన్ని ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడట, ‘మీ అన్నయ్య నన్ను బెదిరించాడమ్మా’ అన్నాడు. నువ్వు తోమి పంపిన తీరు చూస్తే అందులో వండబుద్ధి కాలేదు, మొహం చూసుకోబుద్ధి అయింది.

పేపరు ముక్క నీ కోపం చూడాలనే పంపాను. ఏడాదికోసారి నీకు తిట్టుకోవడానికి ఏదైనా అందించకపోతే నీ ఉత్తరాలు ‘బాగున్నాను, బాగుండు’ దగ్గరే ఆగిపోతాయి. అన్నేళ్ళ క్రితం నేను నీకు అక్షరాలు దిద్దించింది ఇందుకేనా అనిపిస్తుంది.

నా సంగతి తెలుసుగా. ప్రింటింగ్ ప్రెస్సువాళ్ళు పద్దెనిమిది మంది రోజూ ఒంటిగంటకి వచ్చి కూర్చుంటారు. గంట మోగేలోగా తిని లేవాలి. గింజలు పొద్దున పదింటికి పొయ్యెక్కకపోతే నా పని అయినట్టే. ఆ కుక్కరు లేని పది రోజులూ నేను నిలబడి గరిటె తిప్పుతూనే ఉన్నాను. నీ గోనెల పెట్టె పద్దెనిమిది మందికి సరిపోదు అన్నయ్యా, నువ్వు ఒక్కడివి.

ఒక మాట అడుగుతాను, కోప్పడకు. నిన్న స్టవ్ మెకానిక్ బర్నరు శుభ్రం చెయ్యడానికి వచ్చాడు. మూత చూసి, ‘ఇదెవరు మూశారమ్మా? ఇది మూసే బొక్క కాదు. లోపల ఆవిరి ఎక్కువైతే ముందు ఇక్కడ కరిగి దారి ఇవ్వాలి’ అన్నాడు. కొత్తది వేయించేదాకా పొయ్యి మీద పెట్టొద్దన్నాడు. వాడు కుర్రవాడే, కానీ పని తెలిసినవాడిలాగే ఉన్నాడు. నాకేం తెలుస్తుంది. నువ్వు చెప్పు. నువ్వు పరవాలేదంటే వాడతాను. అందాకా పక్కన పెట్టాను.

చెల్లి.


మెట్ల కింది గది నుంచి
ఫిబ్రవరి 17

చెల్లికి,

నీ ఉత్తరం చదివాక అన్నం సహించలేదు.

స్టవ్ మెకానిక్ చెప్పాడట. బర్నరులో పిన్ను పెట్టి గుచ్చేవాడు. అది వాడికి పని, దానికో సంచీ, సంచీ మీద కంపెనీ పేరు. వాడు పుట్టకముందు నేను కొలిమి పనిలో పడి మూడు వేళ్ళ గోళ్ళు పోగొట్టుకున్నాను. లోహం గురించి వాడు నీకు చెప్పడం, నువ్వు దాన్ని కాగితం మీద పెట్టి నాకు పంపడం.

నాకు తెలిసింది చెబుతాను విను. గిన్నె అంటే ఏమిటి? లోపలిది లోపల ఉంచేది. కారితే అది గిన్నె కాదు, జల్లెడ. ఆ బొక్క ఎందుకు పెట్టారో నాకు తెలియకపోలేదు. ఏడాదికోసారి అది చెడాలి, నువ్వు ఏడాదికోసారి కొనాలి, అందుకు పెట్టారు. దారి ఇవ్వాలట. ఆవిరికి దారి విజిల్ ఉంది కదా, రెండో దారి ఎందుకు? ఇంటికి రెండు వాకిళ్ళు ఉంటే ఒకటి దొంగకే.

ఇంకో మాట. ఆవిరి కారకపోతే గింజలు తొందరగా ఉడుకుతాయి. గ్యాసు మిగులుతుంది. నీ పద్దెనిమిది మందికీ లెక్క వేసుకో.

వాడి మాట వింటావో నా మాట వింటావో తేల్చుకో. వాడి మాట వినేటట్టయితే ఇకమీద నీ చిల్లు గిన్నెలు కూడా వాడికే ఇవ్వు. వాడు పిన్ను పెట్టి గుచ్చుతాడు, ఇంకొంచెం పెద్ద చిల్లు అవుతుంది.

అన్నయ్య.


మెస్ వంటింటి నుంచి
ఏప్రిల్ 2

అన్నయ్యా,

ఆలస్యమైంది. పని ఎక్కువ. కుక్కరు వాడాను. నువ్వు చెప్పినట్టే తొందరగా ఉడికాయి.

వంటింటికి సున్నం వేయిస్తున్నాను. అందుకని మెస్ కొన్నాళ్ళు మూశాను. ప్రెస్సువాళ్ళు వేరేచోట తింటున్నారు. ఇంక విశేషాలు లేవు.

నువ్వు జాగ్రత్తగా ఉండు.

చెల్లి.


మెట్ల కింది గది నుంచి
ఏప్రిల్ 9

చెల్లికి,

ఉత్తరం వచ్చింది. ఉత్తరమా అది? కోడి సిరాలో కాలు పెట్టి కాగితం మీద నడిచినట్టు ఉంది. నాకు అక్షరాలు నేర్పిన పంతులమ్మవి, నీ రాత నా రాత కన్నా కిందికి దిగింది. ‘అ’ కి పొట్ట ఒక పక్కన, తల ఒక పక్కన. కళ్ళజోడు మార్చావా, బుద్ధి మారిందా?

పైగా సున్నం. మొన్ననే కదా వేయించావు, ఏడాది కూడా కాలేదు. మెస్ మూసి మరీ సున్నం. పద్దెనిమిది మందిని వేరేవాడి బెంచీ మీద కూర్చోబెట్టి గోడలకి తెల్లచీర కట్టిస్తున్నావు. ఆ పేపరావిడ పదకొండో సాధనం ఏదైనా రాసిందా? నీ దగ్గర డబ్బు ఎక్కువైతే చెప్పు, వచ్చి గోతిలో పాతిపెడతాను, కనీసం అక్కడ ఉంటుంది.

ఇక్కడ నా సంగతి విను. నీ కుక్కరు ఉడుకుడు గురించి పక్క దర్జీకి చెప్పాను. వాడు వాళ్ళావిడకి చెప్పాడు. ఆమె తన కుక్కరు పట్టుకొచ్చింది. అంతే, వీధి వీధంతా నా మెట్ల ముందు. వారం తిరక్కుండానే పద్నాలుగు మూతలు మూశాను చెల్లీ. కారేవి, కారనివి, రేపు కారబోయేవి, అన్నీ. పాతికేళ్ళుగా నా వైపు చూడకుండా పోయే వీధి చివరి హెడ్మిస్ట్రెస్ కూడా వచ్చింది. ఆమె మనవరాలు ఎనిమిదేళ్ళది, పొయ్యి దగ్గర స్టూలు వేసుకుని నిలబడి విజిల్స్ లెక్కపెడుతుందట. ‘ఆవిరి దాని మొహానికి కొడుతోంది, ఆపండి’ అంది. ఆపేశాను.

అల్యూమినియం గిన్నెలు వచ్చాక చిల్లు పడితే పారెయ్యడమే గానీ మాటు వేయించుకునేవాడు లేకపోయాడు. ఆరేళ్ళ నుంచి నా సుత్తి మూలన పడి ఉంది. ఇప్పుడు చూడు, తెల్లారేసరికి ఎవరో ఒకరు మూత పట్టుకుని నిలబడతారు. వచ్చే సోమవారం నర్సుల హాస్టలు వంటావిడ పెద్దవి ఆరు తెస్తానంది. ఆరూ నీ కుక్కరుకి రెండింతలు.

నీ స్టవ్ మెకానిక్‌కి ఈ ఉత్తరం చదివి వినిపించు.

అన్నయ్య.


కూతురి ఇంటి నుంచి
ఏప్రిల్ 13

అన్నయ్యా,

ఈ ఉత్తరం డ్రైవరు చేతికి ఇచ్చి, ఇవాళే అందాలని కాళ్ళు పట్టుకున్నంత పనిచేశాను. నువ్వు నిలబడి చదువుతున్నావో కూర్చుని చదువుతున్నావో, చదవడం అయ్యాక కూర్చోకు.

నీ మాటు పగల్లేదు. ముందు ఆ సంతోషం నీకు ఇచ్చేస్తాను. రాగి చీల చెక్కుచెదరకుండా మూతలోనే ఉంది. మూతే పోయింది.

మార్చి నాలుగో తారీఖు, పదింటికి గింజలు పెట్టాను. విజిల్ రాలేదు. గింజ తొక్క ఒకటి విజిల్ గొట్టానికి అడ్డుపడిందని తర్వాత చూస్తే తెలిసింది. రెండో దారి నువ్వు మూశావు. విజిల్ ఎందుకు రాలేదా అని పొయ్యి ఆపడానికి చెయ్యి చాపాను. మూత ఎగిరి పైకప్పుకి తగిలి పెళ్ళ ఊడిపడింది. సున్నం అందుకు. గింజలు, నీళ్ళు, ఆవిరి అన్నీ నా కుడిచేతి మీద. వేళ్ళ నుంచి మోచేతి దాకా. చర్మం మళ్ళీ వస్తోందట, రెండు వేళ్ళు మాత్రం ఇక ముడుచుకోవంటున్నారు. నువ్వు వెక్కిరించిన కోడిరాత నా ఎడమచేతిది. ఈ ఉత్తరమూ అదే రాస్తోంది, రెండు రోజులుగా.

మెస్ మళ్ళీ తెరుస్తానో లేదో తెలియదు. గరిటె పట్టలేని వంటావిడ దగ్గర ఎవరు కూర్చుంటారు.

నీకు ఎందుకు చెప్పలేదంటావేమో. డాక్టరుకి, నా కూతురికి, ప్రెస్సువాళ్ళకి అందరికీ ఒకటే చెప్పాను, మూత నేనే సరిగ్గా పెట్టలేదని. నీ పేరు రానివ్వలేదు. ఆ మెకానిక్ వచ్చి మూత చేతిలోకి తీసుకుని తిప్పి చూసి కింద పెట్టి వెళ్ళాడు. వాడికున్న సంస్కారం నీకు లేదు అన్నయ్యా. వాడు ‘నేను చెప్పలేదా’ అనలేదు. నువ్వయితే ఏడాది పొడుగునా అనేవాడివి.

నీ మీద జాలిపడి దాచాను. చెప్పుకోవడానికి నీకు ఆ మాటు తప్ప ఏముంది? నలభై ఏళ్ళుగా బొక్క కనపడితే మూయడమే నేర్చావు. ఏ బొక్క ఎందుకు ఉందో ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు. అడగడమంటే నీకు అవమానం. అది తెలిసీ నేను వాడి మాట పక్కన పెట్టి నీ మాట విన్నాను చూడు, నీకన్నా నాకే బుద్ధి లేదు. నీ పరువు నా చెయ్యి ఖర్చుతో ఆగితే ఆగిందిలే అనుకున్నాను. ఇప్పుడు పద్నాలుగు అంటున్నావు. స్టూలు మీద నిలబడే పిల్ల అంటున్నావు.

నిన్న దర్జీ షాపుకి ఫోన్ చేశాను. నిన్ను పిలవమంటే, నువ్వు ఫోన్ దగ్గరికి రానన్నావట, పని ఉంటే ఉత్తరం రాయమన్నావట. పోనీ దర్జీకే చెబుదామని మొదలుపెట్టాను. అతను నవ్వాడు. ‘మాట్ల తాత వేసింది పగలడం ఏమిటమ్మా, మీరు మూత సరిగ్గా పెట్టి ఉండరు’ అన్నాడు. నేను ఆడిన అబద్ధమే నాకు చెప్పాడు. అక్కడ నీ మాట తప్ప ఇంకెవరి మాటా చెల్లదు. కాబట్టి ఆ పద్నాలుగు గుమ్మాల ముందూ నువ్వే నిలబడాలి, నీ నోటితో నువ్వే చెప్పాలి.

ఎలా చెబుతావో నాకు తెలియదు. నీ నోట ఆ మాట నేను ఎప్పుడూ వినలేదు.

చెల్లి.


మెట్ల కింది గది నుంచి
ఏప్రిల్ 18

చెల్లికి,

డ్రైవరు పదకొండింటికి ఇచ్చాడు. ఈసారి ఒక్క అక్షరం కూడా కూడబలుక్కోలేదు. ఎలా చదివానో నాకే తెలియదు.

ముందు హెడ్మిస్ట్రెస్ ఇంటికి వెళ్ళాను. పొయ్యి మీద కుక్కరు ఉంది. పిల్ల స్టూలు మీద ఉంది. నేను చెప్పుల కాళ్ళతో వంటింట్లోకి నడిచి పొయ్యి కట్టేసి పిల్లని చంకలో పెట్టుకుని బయటికి వచ్చేశాను. హెడ్మిస్ట్రెస్ నాకు పిచ్చి పట్టిందనుకుంది. చల్లారాక చెప్పాను. తప్పు చేశాను అని చెప్పడానికి నాకు నాలుగు సార్లు నోరు తిరగలేదు. ఆవిడ బళ్ళో పిల్లవాణ్ణి నిలబెట్టినట్టు నన్ను గుమ్మంలో నిలబెట్టి, ‘గట్టిగా చెప్పండి, వినపడలేదు’ అంది. గట్టిగా చెప్పాను. పక్కింటివాళ్ళకి కూడా వినపడింది. అందువల్ల రెండో గుమ్మం దగ్గర కొంచెం తేలికైంది.

ఈ వీధి మనుషుల గురించి నేను ఎప్పుడూ గొప్పగా అనుకోలేదు, ఇప్పుడు ఇంకా లేదు. ఒకావిడ మూత ఇచ్చి, కూలిగా నేను పుచ్చుకున్న వంకాయలు తిరిగిమ్మంది. తినేశాను, ఎక్కడినుంచి తేను? ఒకతను తలుపు సందులోంచే మూత తోసి గడియ పెట్టుకున్నాడు. నేను చెప్పేదాకా నా మాట దేవుడి మాట, చెప్పాక నేను దొంగని. దర్జీ మాత్రం ఇవ్వనన్నాడు. బాగా ఉడుకుతోంది తాతా, గ్యాసు మిగులుతోంది, నీకు వయసు మీదపడి భయం పట్టుకుంది అని నవ్వాడు. నా మాటలే నా మొహాన కొట్టాడు చెల్లీ. విని విని, ‘మా చెల్లి చెయ్యి కాలింది. నేను కాల్చాను’ అన్నాను. వాడు మిషను తొక్కడం ఆపాడు. లోపలికి వెళ్ళి తనే తెచ్చి ఇచ్చాడు.

పద్నాలుగోది బస్సు కండక్టరు ఇల్లు. తాళం వేసి ఉంది. ఎప్పుడొస్తారో ఎవరికీ తెలియదు. వచ్చి రాగానే ఆకలితో పొయ్యి వెలిగిస్తారు కదా. వాళ్ళ మెట్ల మీదే కూర్చున్నాను. రెండో రోజు మధ్యాహ్నం వచ్చారు. ఎవరో పోయారన్న కబురు నేను తెచ్చాననుకుని కండక్టరు భార్య నన్ను చూసి ఏడ్చింది. చీల చూపించి చెప్పాక నవ్వింది. తర్వాత తిట్టింది. ఆ వరస బాగానే ఉంది.

హాస్టలు వంటావిడ దగ్గరికి నేనే నడిచి వెళ్ళి రావద్దని చెప్పాను.

చీలలు కోసి తియ్యడం నాకు రాదా, వచ్చు. కానీ సరైన వాల్వు ఎలా కూర్చోబెట్టాలో రాదు. ఇక్కడ బజార్లో ఒక మెకానిక్ ఉన్నాడు, వాడి సంచీ మీద కూడా కంపెనీ పేరు ఉంది. వాడి ముందు పీట వేసుకుని కూర్చున్నాను. పద్నాలుగు మూతలు నేను పట్టుకున్నాను, వాడు బిగించాడు. ఏది ఎందుకో అడిగాను. వాడు చెప్పాడు. చెబుతూ ఒక్కసారి కూడా నవ్వలేదు, నాకు అది ఇంకా కష్టంగా ఉంది. ఇళ్ళకి తిరిగిచ్చేశాను. ఎవరూ థాంక్స్ చెప్పలేదు, చెప్పి ఉంటే తిట్టేవాణ్ణి.

నీ చేతి గురించి ఏం రాయాలో నాకు రాదు. నువ్వు నేర్పిన అక్షరాల్లో అది లేదు.

నా మీద జాలిపడ్డానన్నావు. అది నీ ఉత్తరం మొత్తంలో నాకు నచ్చని మాట. కాలిన రోజే నాలుగు తిట్లు రాసి పంపితే పద్నాలుగు మూతలు మూసేవాణ్ణి కాను. జాలి కూడా మాటు లాంటిదే చెల్లీ. లోపల ఏముందో కనపడనివ్వదు.

బుధవారం డ్రైవరుతో పాటు లారీలో వస్తున్నాను. నువ్వు మెస్ తెరువు. గింజలు ఏరడం, దుంపలు చెక్కు తియ్యడం, గరిటె తిప్పడం, గిన్నెలు దించడం నేను చేస్తాను. ఉప్పు నువ్వు చూడు. ఏది ఎలా చెయ్యాలో చెప్పు, అడిగి చేస్తాను. అడగకుండా ఏదైనా ముట్టుకుంటే ఆ ఎడమచేత్తో ఒకటి వెయ్యి.

ఒంటిగంటకి ప్రెస్సువాళ్ళు వచ్చి కూర్చున్నాక, మూత నువ్వు సరిగ్గా పెట్టలేదన్న అబద్ధం పద్దెనిమిది మంది ముందూ నేను చెరిపేస్తాను. వద్దంటావు, నాకు తెలుసు. మిగతా అన్నిట్లో నీ మాట వింటాను. అందులో మాత్రం వినను.

ఇట్లు,
అన్నయ్య.